రెండొందల రసీదు

మా రోజుల్లో అని నేను నోరు తెరవగానే మా మనవడు చెవుల్లో తెల్ల చిక్కుడు గింజల్లాంటివి రెండు దోపేసుకుంటాడు. వాడు ఎలాగూ వినడు గనక మీరైనా చదవండి.

మొన్న పొద్దున్నే సంఘం రసీదు పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాను. మాది తెనాలి పక్క ఊరు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కాబట్టి మేం ప్యారిస్ శివారులో ఉన్నట్టు లెక్క. ఊళ్ళో ఫోటోగ్రాఫర్ల సంఘానికి నేను పూర్వపు కోశాధికారిని. ఇప్పుడు ఏ పదవీ లేదు గానీ ఆగస్టు 19 దగ్గర పడిందంటే సభ్యత్వం వసూలుకి నన్నే పంపుతారు, ముసలాడి మొహం చూసి ఎవరూ లేదనలేరని. బస్టాండు దగ్గర కొత్తగా అద్దాల తలుపుల స్టూడియో ఒకటి వెలిసింది. లోపల కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో పెళ్ళికూతురి బుగ్గ మీద పుట్టుమచ్చ తుడిచేస్తున్నాడు. వచ్చిన పని చెప్పాను. వాడు కుర్చీలోంచి కదలకుండానే, "అంకుల్, ఈ రెండొందలు కడితే నాకేంటి?" అన్నాడు.

మా రోజుల్లోనూ ఈ ప్రశ్న ఉంది. కాకపోతే మేం లేచి నిలబడి అడిగేవాళ్ళం.

నేను స్టూడియో పెట్టింది 1974లో. అప్పటికే ఊళ్ళో నలుగురున్నారు, నలుగురివీ నాలుగు దిక్కులు. ఒకడి డార్క్‌రూంలోకి ఇంకొకడు తొంగి చూడ్డానికి వీల్లేదు. డెవలపర్‌లో ఏది ఎంత కలపాలన్నది తండ్రి కొడుక్కి చెవిలో చెప్పే మంత్రం. నేను పని నేర్చుకున్న చోట గురువుగారు మందులు తూచే వేళకి సరిగ్గా నన్ను టీకి పంపేసేవారు. మూడేళ్ళు టీలు మోశాక గానీ ఆ లెక్క నా చేతికి చిక్కలేదు. తీరా చూస్తే అది కోడాక్ వాడు లోకమంతటికీ అచ్చేసి పంచిన డి-76! మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, లీటరు నీళ్ళు. ఇప్పుడు ఎవడిక్కావాలి గనక, ఊరికే చెప్పేస్తున్నాను, రాసుకోండి.

ఇక రేట్ల సంగతి. పాస్‌పోర్ట్ సైజు మూడు కాపీలు ఐదు రూపాయలని నేను బోర్డు రాయిస్తే, ఎదురు స్టూడియో ఆయన నాలుగని రాయించాడు. నేను మూడున్నర చేశాను. రైలుగేటు దగ్గరాయన మూడున్నరకే నాలుగో కాపీ ఉచితమన్నాడు. నెలాఖరుకి పేపరు ఖర్చు, హైపో ఖర్చు తీసేస్తే మా అయిదుగురికీ మిగిలింది గోళ్ళకి అంటిన నల్లటి మరక. ఊళ్ళో జనం మాత్రం హాయిగా ఫోటోలు దిగారు.

అసలు కథ 1979 వైశాఖంలో జరిగింది. అమృతలూరు అవతల ఒక పల్లెలో పెళ్ళి, ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. నిజం చెప్పాలంటే ఆ ఆర్డరు ఎదురు స్టూడియో ఆయనది. నేను యాభై రూపాయలు తగ్గించి లాక్కున్నాను. నా చేతిలో యాషికా మ్యాట్. గౌరీపూజ అయింది, రెండు రోళ్ళు అయిపోయాయి, మూడోది ఎక్కించి పక్కనున్న పిడి తిప్పాను. తిరగలేదు. ఇంకాస్త బలంగా తిప్పాను, లోపల ఏదో కటుక్కుమంది. టైం పన్నెండున్నర. పెళ్ళికూతురి మేనమామ ఎదురుగా నిలబడి, "ఏమయ్యా, ఫోటోలు వస్తున్నాయా?" అంటున్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆయన్నే బతిమాలి బుల్లెట్ తీయించి, తొమ్మిది కిలోమీటర్లు వెనక్కొచ్చి, ఎవరితో ఏళ్ళ తరబడి మాటల్లేవో ఆయన తలుపే కొట్టాను.

లుంగీ మీద బయటికొచ్చాడు. చెప్పింది విన్నాడు. లోపలికెళ్ళాడు. కర్ర తెస్తాడనుకున్నాను, రోలీకార్డ్ తెచ్చాడు. "దీనికి నీదానిలా పిడి ఉండదు, బుడిపె తిప్పాలి. తొందరపడకు. ఫిల్ము ఉందా?" అన్నాడు. ఉందన్నాను. జీలకర్ర బెల్లం వేళకి మండపంలో ఉన్నాను. తెల్లారాక కెమెరా తిరిగిచ్చి అద్దె ఎంతండీ అని అడిగితే, "యాభై" అన్నాడు. మారుమాట్లాడకుండా లెక్కపెట్టి చేతిలో పెట్టాను. అది ఏ యాభయ్యో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

నాలుగేళ్ళకి, 1983లో, కాఫీ హోటల్ మేడ మీద తొమ్మిది మందిమి కూర్చుని సంఘం పెట్టాం. అధ్యక్షుడు ఆయనే. మొదట చేసిన పని రేట్ల బోర్డు అందరికీ ఒకటే చేయడం. ఈ సంగతి గొప్పగా చెప్పబోతే మా మనవడు, "తాతయ్యా, అందరూ కూడబలుక్కుని రేటు పెడితే అది కార్టెల్, చట్టం ఒప్పుకోదు" అంటాడు. నిజమేనట, 2002లో వచ్చిన పోటీ చట్టం సంఘాలని కూడా వదల్లేదట. సరే, అప్పట్లో మాకు తెలిసిన పోటీ ఒకటే, ఎవడి పొయ్యి ముందు ఆరుతుందోనని.

సరుకు దగ్గర మాత్రం సంఘం మమ్మల్ని నిలబెట్టింది. ఊటీ నుంచి వచ్చే ఇందు పేపరు కోసం బెజవాడ వెళ్తే, అడిగిన గ్రేడు రెండు పెట్టెలిచ్చి అమ్ముడుపోని గ్రేడు ఒకటి అంటగట్టేవాళ్ళు. తొమ్మిది మంది సరుకు ఒకేసారి రాయించడం మొదలెట్టాక ఆ ఆటలు కట్టు. కలర్ కొత్తగా వచ్చినప్పుడు రోళ్ళు మద్రాసు పంపాలి. ఎవడి రోలు వాడు మోసుకెళ్తే చార్జీలకే సరి. అందుకని వంతులు వేసుకున్నాం. అందరి రోళ్ళకీ పేర్లు రాసి, రబ్బరు బ్యాండు వేసి, గుడ్డసంచిలో పెట్టుకుని ఒకడు రాత్రి రైలెక్కేవాడు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆ సంచిలో ఉండేవి. నా వంతు వచ్చిన రాత్రి సంచి తల కింద పెట్టుకుని కూడా నిద్రపోయేవాణ్ణి కాదు.

ఆషాఢం వచ్చిందా, మూఢం వచ్చిందా, మాకు పస్తే. పంచాంగం చూసి భయపడేది పంతుళ్ళు కాదు, ఫోటోగ్రాఫర్లు. అందుకని నెలకి ఇంత అని చీటీ పెట్టుకున్నాం. ముహూర్తాల్లేని నెల పాట మానేసి, అవసరమున్నవాడికి ఇచ్చేయాలని కట్టుబాటు. నలభై ఏళ్ళలో చీటీ ఎగ్గొట్టినవాడు ఒక్కడే. వాడి పేరు చెప్పను, వాడి కొడుకు మంచివాడు.

ఇంకొకటి చెప్పి తీరాలి. 1991లో మా సభ్యుడొకడు రాత్రంతా పెళ్ళి కవర్ చేసి, తెల్లారగట్ల లూనా మీద వస్తూ కునుకు పట్టి కాలవలో పడిపోయాడు. కెమెరా బ్యాగు గట్టు మీద దొరికింది. మేం వెళ్ళేసరికి ఇంటి ముందు ఏడుపులు. మా అధ్యక్షుడు ముందుగా శవం దగ్గరికి వెళ్ళలేదు. బ్యాగు ఎక్కడుందని అడిగి తీసుకుని, కెమెరా బయటికి తీసి, ఆ మూలకి తిరిగి ఏదో తిప్పుతూ నిలబడ్డాడు. చూసినవాళ్ళు ఛీ అనుకున్నారు, శవం ఇంకా లేవకుండానే కెమెరా మీద కన్నేశాడని. ఆయన చేస్తున్నది ఏమిటో మాకు తెలుసు. కెమెరాలో రోలు సగంలో ఉంది. పిల్లలెవరైనా తెలీక వెనక మూత తీస్తే ఆ పెళ్ళివారి తలంబ్రాలన్నీ తెల్లబోతాయి. రోలు మొత్తం వెనక్కి చుట్టి, డబ్బాలో వేసి, జేబులో పెట్టుకుని, అప్పుడొచ్చి శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఆ ఐదు రోళ్ళూ మేమే బెజవాడలో కడిగించాం. మేమే ఆల్బం అంటించాం. చనిపోయినవాడి స్టూడియో ముద్ర వెనకాల వేసి పెళ్ళివారికి ఇచ్చి, రావలసిన పద్దెనిమిది వందలు తెచ్చి వాడి భార్య చేతిలో పెట్టాం. ఆ సీజనుకి వాడు ఒప్పుకున్న ఆర్డర్లు ఇంకా మూడున్నాయి. ముగ్గురం వెళ్ళి, వాడి పేరు మీదే తీశాం. సభ్యులు తలా వంద వేశారు. ఆ తర్వాత ఆవిడ అదే గదిలో జిరాక్స్ మిషన్ పెట్టుకుని పిల్లల్ని చదివించింది.

అద్దాల తలుపుల కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. ఒక్కటే అడిగాను, "నీ కంప్యూటర్ తాళం ఇంకెవరికైనా తెలుసా?" అని. పాస్‌వర్డా అన్నాడు. అదే అన్నాను. తెలీదన్నాడు. మూడు పెళ్ళిళ్ళ ఫోటోలు ఆ పెట్టెలోనే ఉన్నాయట, ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. పుట్టుమచ్చ తుడవడం ఆపి నా వంక చూశాడు.

మా మనవడి బాపతు వాళ్ళకి అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో మూడు వందల మంది. పొద్దున్నే మూడు వందల శుభోదయాలు. మొన్న ఒకడికి పెళ్ళి మధ్యలో మెమరీ కార్డు చెడిపోయిందని గ్రూపులో పెడితే, నూట పదకొండు మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. కార్డు పట్టుకుని బండెక్కి వెళ్ళినవాడు ఒక్కడు. వాడు సంఘం సభ్యుడని నేను చెప్పనక్కర్లేదు. డ్రోన్ల గురించి అయితే అడగకండి. తలంబ్రాల వేళ మండపం మీదికి తెచ్చి దించితే ఆ గాలికి పంతులుగారి కండువాతో పాటు ముత్యాలు కూడా ఎగిరిపోయాయి. ఎవడు ఎగరేయొచ్చు, ఎక్కడ ఎగరేయకూడదు, 250 గ్రాములు దాటితే ఏమిటి అన్నది సంఘం వాళ్ళు ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పారు. వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది, భోజనాలకి నలభై.

అలాంటి ఇంకో ఆదివారం ఒక లాయరు గారొచ్చి నా గుండె పగలగొట్టారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరేగా రాసుకుంటే తప్ప, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులట. అంటే నలభై ఏళ్ళు షోకేసులో పెట్టి నా ఫోటోలని మురిసిపోయినవి నావి కావు! ఒప్పందం కాగితం ఒకటి రాసుకుంటే ఈ బాధ ఉండదన్నారు. ఆ కాగితం నమూనా సంఘం అచ్చేసి ఇస్తోంది. పెళ్ళిపెద్దల చేత సంతకం చేయించడానికి మాత్రం ఇప్పటి కుర్రాళ్ళకి మొహమాటం. పక్కవాడు తీసిన ఫోటో ఎత్తి తన పేజీలో పెట్టుకోవడానికి లేదు గానీ.

సంఘం అంటే నాకేమీ మూఢభక్తి లేదు. ఎన్నికలొస్తే రెండు వర్గాలు, రెండు విందులు. ఫ్లెక్సీ మీద పదమూడు మొహాలు, అందులో ఒక్కటీ సరైన లైటింగ్‌లో ఉండదు, తీసింది ఫోటోగ్రాఫర్లే అయినా! బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉందని, అందరి చేతా కట్టించమని నేను మూడు సమావేశాల్లో మొత్తుకుంటే గానీ కదల్లేదు. తీరా అందరూ చేరే వేళకి నాకు 70 దాటాయి, ఆ పథకంలో నాకు చోటు లేదు.

ఇక ఆగస్టు 19. ఆ రోజు మా సంఘం ఆఫీసులో లూయీ డాగేర్ పటానికి బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొడతాం. 1839లో ఆ తారీఖున ప్యారిస్‌లో ఆయన ఫోటో పద్ధతిని లోకానికి బయటపెట్టారు. ఆ రోజు స్టూడియోలు మూయాలని సంఘం తీర్మానం. చాలా ఏళ్ళు అది శ్రావణంలో పడుతుంది, మంచి ముహూర్తం కూడా అదే రోజున. ఫ్రెంచివాళ్ళకి మన పంచాంగం ఏం తెలుసు పాపం. సగం మంది దండ వేసి ఫోటో దిగి, సందు చివర నుంచి పెళ్ళికి పరిగెత్తుతారు. నేను మాత్రం ఆ పటం ముందు నిలబడ్డప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఆ విద్యని అందరికీ ఇచ్చేసినందుకు ఫ్రాన్సు ప్రభుత్వం డాగేర్‌కి ఏటా 6,000 ఫ్రాంకులు, ఆయనతో కలిసి పనిచేసి పోయిన నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పింఛను కట్టింది. ఫోటోగ్రాఫర్ల కులానికి మూలపురుషుడికి పింఛను ఉంది, ఆయన సంతానం మాకే లేదు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్‌కి ఆరో నిజాం అండ ఉండేది. మాకు ఈ రసీదు పుస్తకం ఉంది. ఇందు పేపరు చేసిన ఫ్యాక్టరీ మూతపడింది, కోడాక్ అంతటి వాడు 2012లో దివాలా అర్జీ పెట్టుకున్నాడు. మా పుస్తకం మాత్రం ఇంకా నడుస్తోంది, అట్ట ఊడిపోయినా.

ఇంతకీ ఆ కుర్రాడు డబ్బులిచ్చాడా అంటే, "క్యూఆర్ కోడ్ ఉందా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. "చేతిలో క్యాష్ లేదు, రేపు రండి" అన్నాడు. అప్పటికే రసీదు మీద తారీఖు వేసేశాను. పేరు దగ్గర ఖాళీ వదిలి, మడిచి జేబులో పెట్టుకున్నాను. రేపు మళ్ళీ వెళ్తాను. మళ్ళీ అంకుల్ అన్నాడో, మూడొందలు రాస్తాను.