తాతలు తాగని నేతులు

అమెరికాలో ఐరిష్ మూలాలున్న విద్యార్థులకు కొన్ని సంఘాలు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి.

ఐరిష్ పండగైన మార్చి 17న అక్కడ అందరూ ఐరిష్‌వాళ్లే. ఆకుపచ్చ చొక్కా ఉంటే చాలు.

షికాగోలో అయితే నదికే ఆకుపచ్చ రంగు కలిపేస్తారు. నీ తాతది ఏ ఊరని నదినెవరూ అడగరు.

ఫీజు సాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం వంశవృక్షం బయటికి తీయాలి.

సరే, రుజువు తెద్దామంటే..?

1881, 1891 నాటి ఐర్లండ్ జనాభా లెక్కల కాగితాలను మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కాగితం కరువని గుజ్జు చేసేశారు.

అంతకుముందరి దస్త్రాల్లో చాలావరకు 1922లో డబ్లిన్‌లో, అంతర్యుద్ధం మంటల్లో బూడిదయ్యాయి.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండని సామెత.

వీళ్ల తాతలు తాగింది నెయ్యి కాదు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకు తెగులు పట్టింది. తిండి లేక లక్షల మంది అమెరికా ఓడెక్కారు.

ఇప్పుడు మనవడు వాసన చూపించాల్సింది ఆ ఆకలినే.

ఏం చేస్తాం? ఆకలితో ఓడెక్కినాయన రసీదు తీసుకోవడం మరిచాడు!