పై లైను మారిస్తే చాలు

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి, ఆదివారం రాత్రి మా అనకాపల్లి జెరాక్స్ కొట్టుకి మంచి గిరాకీ. మొన్న ముందు ఎర్ర చొక్కాలొచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల చేయాలి, సర్టిఫికెట్లు ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి, మెస్ ఛార్జీలు పెంచాలి. అడుగున ‘విప్లవాభివందనాలతో’. వాళ్లటు వెళ్లారో లేదో, కాషాయ కండువాలు దిగాయి. కొట్టాయన కొత్త ఫైలు తెరవలేదు. పై లైన్లో సంఘం పేరు మార్చి, అడుగున ‘భారత్ మాతా కీ జై’ కొట్టాడు. ‘రీయింబర్స్‌మెంట్’లో ఎగిరిపోయిన వత్తు ఉభయులకూ సమానంగా దక్కింది.

“ఏటండీ, రెండూ ఒకటేనా?” అన్నాను.

“బకాయి ఒకటే కదా బాబూ!”

సిద్ధాంతాలు మాత్రం ఉప్పూ నిప్పూ. కాషాయ విద్యార్థి పరిషత్తు 1949 నాటిది, ఎర్ర విద్యార్థి ఫెడరేషన్ 1970లో పుట్టింది. వెంకయ్యనాయుడు ఆంధ్రా యూనివర్సిటీలో, సీతారాం ఏచూరి జేఎన్‌యూలో విద్యార్థి ఎన్నికలు గెలిచే పైకొచ్చారు. ఎమర్జెన్సీ మాత్రం కుడీ ఎడమా చూడకుండా ఇద్దర్నీ జైల్లో వేసింది. ఇప్పటి కుర్రాళ్లకి గెలిచే బాధ లేదు. మన దగ్గర కాలేజీ ఎన్నికలు 1988లోనే ఆగిపోయాయి. మా మార్కెట్లో బెల్లం దిమ్మకైనా వేలం ఉంది, కొనేవాడు గోటితో గీరి నాలిక్కి రాసుకుని మరీ పాట పెంచుతాడు. నాయకుడికి ఆ గీరుడూ లేదు. పదవులకి మాత్రం కరువు లేదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. కలెక్టరు గారి కుర్చీ సర్దేలోపే, కుడివైపొకరు ఎడమవైపొకరు జిల్లా నాయకులై ఫ్లెక్సీల్లోంచి మనకి దండం పెట్టేశారు.

బంద్ సంగతి సరేసరి. ఎవరు పిలుపిచ్చినా ప్రైవేటు కాలేజీ గేటు నవ్వుతూ మూసుకుంటుంది, ఆ క్లాసు ఆదివారం పెట్టుకుంటుంది. పోయింది పిల్లల ఆదివారమే. దానిమీద ఇంతవరకూ ఏ జెండా వినతిపత్రం ఇవ్వలేదు.

వస్తూ వస్తూ కౌంటరు మీదున్న అప్పుల పుస్తకం చూశాను. ఒక పేజీలో ఎర్ర ఖాతా, ఎదుటి పేజీలో కాషాయ ఖాతా. ఏ పేజీలోనూ కొట్టివేతల్లేవు.

“ఎప్పుడిస్తారంట?”

“రీయింబర్స్‌మెంట్ పడ్డాకనండి.”