సున్నపు నేలలో నీలిపూల ఆశ

హైడ్రాంజియా అనే పూలపొదకు వృక్షశాస్త్ర గ్రంథాల్లో దక్కే గౌరవం ఒక ఎత్తు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో దానికి జరిగే మర్యాద మరొక ఎత్తు. జపాన్ తీరప్రాంతపు చల్లగాలిలో పుట్టి, మన దేశంలో ఊటీ, కొడైకెనాల్ వంటి కొండ ఊళ్లలో రెండు చేతులూ చాలనంత పూలగుత్తులతో విర్రవీగే ఈ మొక్క, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ఈ మూడు ఊళ్లకు ఎందుకు రావలసి వచ్చిందన్న ప్రశ్నకు వృక్షశాస్త్రం జవాబు చెప్పదు. జవాబు సెల్‌ఫోన్‌లో దొరుకుతుంది. ఊటీ యాత్రికులు ఆ పూల ముందు నిలబడి దిగిన ఫొటో బంధువర్గమంతా తిరిగి, చివరకు ఏదో ఒక ఇంటి ఇల్లాలి మనసులో నాటుకుంటుంది. కుండీలో నాటడం ఆ తరువాతి ఘట్టం. ఆ ఘట్టానికి కావలసిన సరంజామా తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల వంటి చోట్ల నుంచి వ్యాన్లెక్కి, విజయవాడ దాటి, 65వ నంబరు జాతీయ రహదారి వెంట ముందు కోదాడకు, ఆ పైన సూర్యాపేటకు చేరుతుంది. మిర్యాలగూడ ఆ రహదారి మీద లేకపోయినా ఆశ విషయంలో ఎవరికీ తీసిపోలేదు.

వ్యాను దగ్గర వినిపించే "ఏడాదంతా పూస్తదమ్మా" అన్న హామీలో సగం నిజం ఉంది. పాత రకం హైడ్రాంజియా నిరుటి కొమ్మ మీదే మొగ్గ కడుతుంది. రాత్రులు చల్లబడే కాలంలో కొమ్మ చివర లోలోపల మొగ్గ రూపుకట్టి, చలి గడిచాక విచ్చుకుంటుంది కనుక, మధ్యలో ఆ కొమ్మను కత్తిరించినవారు వచ్చే ఏటి పూలను కూడా కలిపి కత్తిరించినట్టే. సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తూ, పనిలో పనిగా పెరట్లోని మొక్కలన్నిటికీ క్షవరం చేయించే ఆచారం ఉన్న సీమలో ఈ స్వభావం ఎంత ప్రమాదకరమో విడిగా చెప్పనక్కరలేదు. ఈ ఇబ్బందికి విరుగుడు అమెరికాలో దొరికింది. గడ్డకట్టే చలికి పేరుపడిన మినసోటా రాష్ట్రంలో, 1998లో, మైకేల్ డర్ అనే ఉద్యానశాస్త్రవేత్త బెయిలీ నర్సరీలో ఒక మొక్కను గమనించాడు. అది నిరుటి కొమ్మ మీదే కాక ఆ ఏడు వేసిన కొత్త చిగురు మీద కూడా పూసింది. మళ్లీ మళ్లీ పూసే రకాలు అనడంలోని అర్థం ఇదే. 2004లో ఆ మొక్క ఎండ్‌లెస్ సమ్మర్ (అంతులేని వేసవి) అన్న పేరుతో అంగళ్లకు వచ్చింది; ఆ పేరు పెట్టినవారు రోహిణి కార్తెలో సూర్యాపేట బస్టాండులో ఒక్క గంట నిలబడి ఉంటే మరో పేరు వెతుక్కునేవారు. ఏమైనా, మంచుకు కొమ్మలు చచ్చినా పూలు దక్కాలని ఎంపిక చేసిన గుణం, ఇక్కడ ఎండకూ కత్తెరకూ కొమ్మలు పోయినా పనికివస్తుంది. అయితే నడివేసవిలో ఈ రకం కూడా పూత ఆపి, ప్రాణం కాపాడుకునే పనిలో పడుతుంది. హామీలోని మిగతా సగం అక్కడే తేలిపోతుంది.

తరువాత వచ్చిన పొట్టి రకాలు రెండు మూడు అడుగులకు మించకుండా గుబురుగా పెరుగుతాయి. ఈ మూడు ఊళ్లలో పొట్టితనం అందం కోసం కాదు, మొక్కను కుండీతో సహా మోయడానికి వీలుగా ఉంటుందని. ఉదయం తొమ్మిది, పది గంటల వరకు మాత్రమే ఎండ తగిలే తూర్పు వసారా దీనికి తగిన చోటు. వేడెక్కిన స్లాబు సాయంత్రం దాకా సెగలు కక్కుతుంది కనుక డాబా మీద పచ్చ నెట్టు కట్టినా ప్రయోజనం తక్కువ.

పదకొండు గంటలయ్యేసరికి ఈ మొక్క అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడిలా తల వేలాడేస్తుంది, ఇంటివారంతా చెంబులతో పరుగెడతారు. ఇక్కడ కొంత శాస్త్రం తెలిసి ఉండటం మేలు. వెడల్పాటి ఆకులు ఎండలో ఆవిరిగా వదిలే నీటి వేగాన్ని వేర్లు అందుకోలేనప్పుడు, మట్టి తడిగా ఉన్నా ఆకు వాలుతుంది, పొద్దు వాలగానే తనంతట తానే లేస్తుంది. వాలినప్పుడల్లా నీళ్లు పోస్తే వేరు కుళ్లి మొక్క నిజంగానే పోతుంది. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. సాయంత్రానికీ లేవకపోతే అది అలక కాదు, జబ్బు.

ఇక రంగు సంగతి. ఊటీ ఫొటోలోని పూలు నీలం, వ్యాన్లో కొన్నవీ నీలం. రెండో విడత పూసేవి మాత్రం గులాబీ రంగులోకి దిగుతాయి. అమ్మినవాడు మోసం చేశాడన్న అనుమానం మొదట ఇంట్లో, తరువాత వాడకట్టులో వ్యాపిస్తుంది, కానీ నేరం మట్టిది. పూరేకులుగా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు, అంటే మామూలు పూలలో మొగ్గను కప్పి ఉంచే పొరలు. వాటిలోని రంగు పదార్థానికి మట్టి నుంచి వచ్చిన అల్యూమినియం తోడైతే నీలం, తోడు కాకపోతే గులాబీ. మట్టి పులుపునూ క్షారాన్నీ పీహెచ్ అనే కొలతతో చెబుతారు. 7 తటస్థం, అంతకు తక్కువ ఆమ్లం, ఎక్కువ క్షారం. సుమారు 5.5కు దిగువన అల్యూమినియం కరిగి వేరుకు అందుతుంది, 6.5 దాటితే మట్టిలోనే బిగుసుకుపోతుంది, మధ్యలో ఉంటే పువ్వు ఎటూ తేల్చుకోలేక వంగపండు రంగులో పూస్తుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసింది అక్కడి సున్నపురాయిని నమ్ముకునే కాబట్టి, ఇటువంటి సీమలో నీలిపువ్వు కోరడం భూగర్భశాస్త్రంతో పేచీ పెట్టుకోవడమే.

పేచీకి సిద్ధపడేవారికి ఆయుధం ఇంటి గుమ్మానికే వేలాడుతోంది. దిష్టి తగలకుండా కట్టే పటిక అల్యూమినియం లవణం. అది మట్టిలో పులుపు పెంచి, అల్యూమినియాన్ని కూడా అందిస్తుంది. లీటరు నీటికి అర చెంచా పొడి కరిగించి, ముందుగా తడిపిన మట్టిలో నెలకు రెండుసార్లు పోస్తే చాలు. గుప్పెళ్ల కొద్దీ వేస్తే వేర్లు మాడతాయి. మొగ్గ కట్టకముందే మొదలుపెట్టాలి, విచ్చిన పువ్వు ఎవరి మాటా వినదు. తెల్ల రకాలు ఎంత పటిక పోసినా తెల్లగానే ఉంటాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా నీళ్లకూ పటికకూ పాత బంధమే ఉంది. తాగునీటి ఫ్లోరైడును తగ్గించడానికి 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో నీటికి పటిక, సున్నం రెండూ కలుపుతారు. హైడ్రాంజియా లెక్కలో మొదటిది వరం, రెండోది శాపం.

చిక్కేమిటంటే, పటికతో సాధించిన పులుపును బోరు నీరు బకెట్టు బకెట్టుకూ చెరిపేస్తుంది. అందుకని ఇంటిల్లిపాదీ బోరు నీళ్లు తాగుతూ మొక్కకు ఇరవై లీటర్ల క్యాను తెప్పించే భక్తులు పుడతారు. అంత అక్కరలేదు. వాన నీరు ఉత్తమం. అది లేని రోజుల్లో ఏసీ గొట్టం నుంచి బొట్లుబొట్లుగా కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, పైగా ఎండ ముదిరినకొద్దీ ఎక్కువగా కారడం దాని సుగుణం. ఫిల్టరు బయటకు తోసేసే వృథా నీటిని మొక్కలకు పోసే పొదుపు మాత్రం ఇక్కడ చెల్లదు, అందులో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఇళ్లలో మరో గండం ఉంది. యూరియా బస్తా అందుబాటులో ఉన్నచోట పిడికెడు మొక్కకూ పడుతుంది, మొక్క ఆకులతో ఏపుగా పెరిగి పూయడం మానేస్తుంది. డీఏపీ వేస్తే అందులోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేసుకుని నీలాన్ని మరింత దూరం చేస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊకను కొబ్బరిపొట్టుతో, మాగిన పశువుల ఎరువుతో కలిపితే మట్టి గుల్లబారి నీరు నిలవదు. అదే ఊక కాల్చిన బూడిదను వేయకూడదు, ఆ క్షారంతో వ్యవహారం మళ్లీ సున్నం దగ్గరకే వస్తుంది.

ఇన్ని గండాలు గడిచి పూసిన గుత్తికి ఆఖరి పరీక్ష వాడకట్టు అమ్మలక్కలు పెడతారు. "అక్కా, ఇది దేవునికి పెట్టొచ్చా? జడల పెట్టుకుంటారా? వాసనన్న వస్తదా?" అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం దాదాపు లేదనే. వాసన లేదు, కోస్తే తొందరగా వాడుతుంది, ఆకుల్లో కొద్దిపాటి విషగుణం ఉంది కనుక మేకకూ పనికిరాదు. దేవుడి విషయంలో మాత్రం వాదనకు చోటుంది. జపాన్‌లో బుద్ధ జయంతి నాడు బాలబుద్ధుడి విగ్రహానికి అభిషేకించే తియ్యని టీ, ఈ కుటుంబానికే చెందిన ఒక మొక్క ఆకులతో కాచినది. ఫణిగిరి వంటి బౌద్ధక్షేత్రం ఉన్న సూర్యాపేట జిల్లావాసులు ఈ మాట ధైర్యంగా చెప్పవచ్చు. చెప్పినా ఒప్పుకోరు. ఎవరూ చుక్క నీరు పోయకుండానే బతుకమ్మ వేళకు విరగబూసే తంగేడు, గునుగు ఉన్న నేల మీద, క్యాను నీళ్లు తాగి గులాబీ రంగుకు తిరిగే పువ్వుకు పెద్దరికం దక్కదు.

కాబట్టి ఈ మూడు ఊళ్లలో హైడ్రాంజియాను చలికాలపు చుట్టంగా చూడటమే న్యాయం. అక్టోబరు దాటాక కొని, తూర్పు వసారాలో ఉంచి, వచ్చిన రంగునే ఆమోదించి, వాడిన గుత్తుల వరకే తుంచి, మార్చి నుంచి నీడలోకి జరపాలి. ఏడాది పొడుగునా గుత్తులే కావాలని పట్టుబట్టేవారు పొట్టి నూరువరహాలను నాటుకుంటే, దానికీ సున్నం గిట్టదు గానీ ఎండను చూసి అలగదు. మే నెలలో వచ్చే వ్యాను దగ్గర మాత్రం దయచేసి ధర అడగకండి. అడిగితే తగ్గిస్తారు, తగ్గిస్తే కొనవలసి వస్తుంది.