స్తంభం మీది మనిషి ఎవరి మనిషి?

హబ్సిగూడ రోడ్డంటే ఆషామాషీ రోడ్డు కాదు. సీసీఎంబీ ఇక్కడే ఉంది. పాత ఎముక ముక్క చేతికిస్తే ఆ మనిషి పూర్వీకులు ఎటు నుంచి ఎటు నడిచొచ్చారో చెప్పేస్తారు. కాస్త ముందుకెళ్తే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. నాలుగు చుక్కల నెత్తురిస్తే బిడ్డకు తండ్రెవరో తేల్చేస్తారు. భూమి కడుపులో ఏ కాస్త కదలిక వచ్చినా ఎన్‌జీఆర్‌ఐకి తెలిసిపోతుంది. ఇంత సైన్సు కొలువైన రోడ్డు మీద ఒక్క చిన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. వానలో తడుస్తూ ఆ కరెంటు స్తంభం ఎక్కుతున్నాడే, ఆయన యజమాని ఎవరండీ?

తొందరపడి కరెంటోళ్లు అనేయకండి. అది వేళను బట్టి ఉంటుంది. గాలివానకు ఫీడరు ట్రిప్పయితే కంపెనీ మనిషి. పైన షాక్ కొడితే కాంట్రాక్టరు మనిషి. జీతం పెంచమంటే ఎవరి మనిషీ కాదు. సమ్మె నోటీసిస్తే మాత్రం ప్రజాద్రోహి. ఏ డీఎన్‌ఏ పరీక్షకూ అందని పితృత్వం ఇది.

హబ్సిగూడలో మన విద్యుత్ పంపిణీ సంస్థకు ఏకంగా ఒక సర్కిల్ కార్యాలయమే ఉంది. ఎస్‌ఈ ఉంటారు, డీఈలు ఉంటారు, ఏడీఈలు ఉంటారు, ఏఈలు ఉంటారు. నిచ్చెన మోసేవాడు మాత్రం ఏళ్ల తరబడి ఏజెన్సీ మనిషి. ఆ ఏజెన్సీ చేసే పనేమిటో ఎప్పుడైనా అడిగారా? నిచ్చెన దానిది కాదు. ప్లయర్ దానిది కాదు. ఏ స్తంభం ఎక్కాలో దానికి తెలియదు. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకున్నారో లేదో దానికి పట్టదు. ఎక్కమనేది ఏఈ, దిగమనేది ఏఈ, తిట్టేది ఏఈ. ఏజెన్సీ నెలకోసారి బిల్లు పెడుతుంది. అంతే. ఆ బిల్లులో కూలీ జీతం ఉంటుంది, దాని మీద కమీషన్ ఉంటుంది, ఆ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మనుషుల సరఫరా కూడా ఒక సేవే కదా, సేవకు పన్ను కట్టాలి కదా! నేరుగా జీతమిస్తే ఈ కమీషన్ ఉండదు, ఈ పన్నూ ఉండదు. అయినా అడగ్గానే వచ్చే జవాబు ఒకటే. ఖర్చు తగ్గించుకోవడానికే ఔట్‌సోర్సింగ్ అట. ఎవరి ఖర్చు నాయనా?

టెండరు మారితే చూడాలి తమాషా. స్తంభం అదే. మనిషి అదే. పోయిన వారం కాలిన వేలు కూడా అదే. జీతం చీటీ మీద పేరు మాత్రం కొత్తది. పన్నెండేళ్లు చేసినవాడు ఒక్క రాత్రిలో కొత్త కుర్రాడవుతాడు. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలని 1972 చట్టం చెప్పింది. అయిదేళ్లు ఎప్పటికీ నిండకుండా చూసుకోవడమెలాగో టెండరు చెప్పింది. ఏది గెలిచిందో వేరే చెప్పాలా?

చట్టం లేక కాదు. చట్టాలకేం కరువు? కాంట్రాక్టు కూలీల చట్టం 1970లో వచ్చింది. అందులో రద్దు అన్న మాట పేరులోనే ఉంది. అక్కడే ఉండిపోయింది. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేస్తే కూలీ తనంతట తానే కంపెనీ ఉద్యోగి అయిపోతాడని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జనం సంబరపడి అయిదేళ్లు నిండక ముందే, 2001లో స్టీల్ అథారిటీ కేసులో, అలా ఎలా కుదురుతుందని అదే కోర్టు వెనక్కి తీసుకుంది. కాంట్రాక్టు ఉత్త బూటకమైతే అది వేరే సంగతి, ట్రిబ్యునల్‌కు వెళ్లి రుజువు చేసుకోమంది. ఎవరు రుజువు చేయాలి? స్తంభం మీద ఉన్నాయనే. ఎప్పుడు? డ్యూటీ దిగాక.

తరవాత మన ఉమ్మడి రాష్ట్రం 2003లో చట్టానికి సొంత సవరణ చేసింది. కోర్ పనుల్లో, అంటే సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ పనిలో, కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదంది. బాగుంది. కరెంటు పంచే కంపెనీలో కరెంటు స్తంభం ఎక్కడం కోర్ పని కాదా? మరేది కోర్ పని? పవర్‌పాయింట్ ప్రదర్శనా? చింతలేదు, మినహాయింపులు ఉన్నాయి. మొన్న 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా ఈ కోర్ పాటే పాడింది. ఒక చక్కటి మెలిక కూడా పెట్టింది. ఆ పనిని మామూలుగా కాంట్రాక్టరు చేతే చేయిస్తూ ఉంటే, ఇకముందూ అలాగే చేయించుకోవచ్చట. అంటే తప్పు అలవాటైతే ఒప్పు. ఇంత తేట తెలుగులో చెప్పరు గానీ, సారం అదే.

సరే, ఇప్పుడు శుభవార్త. తెలంగాణ వచ్చాక కాంట్రాక్టు అన్న మాటే వినపడదని ఉద్యమకాలంలో వినీ వినీ మన చెవులు తుప్పు పట్టాయి. 2016 చివర్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ విద్యుత్తు సంస్థల ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని సంస్థల్లోకే తీసుకుంటామన్నారు. 2017 జులైలో ఉత్తర్వులు వచ్చాయి. ట్రాన్స్‌కో, జెన్‌కో, రెండు పంపిణీ సంస్థల్లో కలిపి 23 వేల మందికి పైగా. చిన్న విషయం కాదు. దేశంలో ఏజెన్సీని పక్కకు నెట్టి ఇంతమందిని ఒక్కసారిగా సంస్థ పేరోల్ మీదికి తెచ్చిన సందర్భాలు బహు తక్కువ. ఈ మాట ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నాను. కోర్టులో కేసు పడింది, ఆగింది, 2018లో అడ్డంకి తొలగింది. ఆ 23 వేల మందికి దళారీ పోయాడు. జీతం కంపెనీ నుంచే వస్తోంది.

తరవాత? అక్కడే ఉంది అసలు కిటుకు.

లోపలికి రానిచ్చారు, చెప్పులు విడిచే చోటు దాటనివ్వలేదు. రెగ్యులర్ ఉద్యోగులకు సర్వీసు నిబంధనలు. వీళ్లకు స్టాండింగ్ ఆర్డర్లు. రెగ్యులర్ ఉద్యోగికి ఒక హోదా, పదోన్నతి మెట్లు. వీళ్లకు ఆర్టిజన్ అని ఒక కొత్త కులం, అందులో నాలుగు గ్రేడ్లు. మన దేశంలో నాలుగు మెట్లు లేకుండా ఏ పనీ మొదలు కాదనుకుంటా. ఒకే స్తంభం మీద జూనియర్ లైన్‌మన్ ఉంటాడు, ఆర్టిజన్ ఉంటాడు. తీగలో కరెంటు ఒకటే. అది వాళ్ల గ్రేడు అడిగి కొట్టదు. ఒకే సంస్థలో రెండు రూల్సా అని ఆర్టిజన్లు ఏళ్ల తరబడి అరుస్తున్నారు. డిమాండు పేరు కన్వర్షన్. చదువును బట్టి, చేసిన ఏళ్లను బట్టి రెగ్యులర్ పోస్టుల్లోకి మార్చండి అని. ఒకసారి ఏజెన్సీ నుంచి కంపెనీకి మారారు. ఇప్పుడు కంపెనీ నుంచి కంపెనీకే మారాలి! ఇంత గొప్ప గమ్యం ఎక్కడైనా విన్నారా?

2023 ఏప్రిల్ 25న సమ్మెకు దిగారు. యాజమాన్యానికి వెంటనే ఎస్మా గుర్తొచ్చింది. అత్యవసర సేవలట. సుమారు 200 మందిని పీకేశారు. గమనించండి, జీతం దగ్గర వీళ్లు గ్రేడ్ నాలుగు, సమ్మె దగ్గర అత్యవసరం. సరిగ్గా అదే వారం, ఏప్రిల్ 30న, ధగధగలాడే కొత్త సచివాలయం ప్రారంభమైంది. ముఖ్యమంత్రి అక్కడ పెట్టిన తొలి సంతకాల్లో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ ఫైలు ఉంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక ఫైలు మీద పూలు, కరెంటు సంస్థ పెద్దాఫీసున్న మింట్ కాంపౌండ్‌లో ఇంకో ఫైలు మీద నిప్పులు. ఒకే ప్రభుత్వం, ఒకే వారం. ఎవరికీ నవ్వు రాలేదు.

అదే ఏడాది ఆగస్టులో ఆర్టీసీ వంతు. 43 వేలకు పైగా ఉన్న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చే బిల్లు శాసనసభలో పాసైంది. గవర్నరు ఆమోదమూ దొరికింది. ఎప్పటి నుంచి అన్న తేదీ మాత్రం ప్రభుత్వం తీరిగ్గా చెప్పాల్సిన జాబితాలో పడింది. ఉప్పల్ డిపోలో ఏ కండక్టరునైనా అడగండి, టికెట్ కొట్టినంత వేగంగా జవాబొస్తుంది. అది మాత్రం ఇక్కడ రాయలేను.

డిసెంబరులో సర్కారే మారింది. మార్పు కావాలన్నారు కదా, వచ్చింది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ పోయి టీజీఎస్‌పీడీసీఎల్ వచ్చింది. బోర్డులు మారాయి, బిల్లులు మారాయి, యాప్ మారింది. కొన్ని నెలల్లో మొత్తం కంపెనీయే కన్వర్షన్ అయిపోయింది! రేకు బోర్డుకు ఉన్న అదృష్టం మనిషికి లేదు. బోర్డు మార్చినవాళ్లలో ఎంతమంది ఏజెన్సీ వాళ్లో మళ్లీ నన్ను అడగకండి.

డబ్బుల్లేవంటారు. నిజంగానే లేవు. ఎందుకు లేవో 2023 డిసెంబరులో ప్రభుత్వమే శ్వేతపత్రంలో రాసుకుంది. సర్కారు శాఖలే పంపిణీ సంస్థలకు 28 వేల కోట్ల రూపాయలకు పైగా బకాయి. మీరు రెండు నెలలు బిల్లు కట్టకపోతే ఏమవుతుంది? ఫ్యూజు పీకుతారు. పీకడానికి ఎవరొస్తారు? ఆర్టిజనే. సచివాలయం ఫ్యూజు పీకమని ఆయన్ను ఎప్పుడైనా పంపారా?

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఇంకో మార్గం కనిపెట్టింది. ఏజెన్సీలు కమీషన్లు తింటున్నాయి, లంచాలు గుంజుతున్నాయి అని 2020 జులైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను మొదలెట్టింది. దళారీని తరిమేసింది, దళారీ కుర్చీని మాత్రం అట్టే ఉంచి అందులో తానే కూర్చుంది. కమీషన్ పోయింది, నెల మొదట్లో జీతం వచ్చింది. మంచిదే. కానీ ఉద్యోగం ఇంకా ఔట్‌సోర్సింగే. ఎవరి నుంచి ఎవరికి ఔట్? ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి!

ఇదంతా సర్కారు గోల, మనకెందుకు అనుకుంటున్న సాఫ్ట్‌వేర్ బాబులూ, మీ మెడలో ట్యాగు రంగు ఒకసారి చూసుకోండి. ఉప్పల్ క్యాంపస్‌లోనో నాచారం ఫ్యాక్టరీలోనో థర్డ్ పార్టీ పేరోల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? కంపెనీ సీటు, కంపెనీ లాప్‌టాప్, కంపెనీ మేనేజరు, జీతం మాత్రం ఎవడో పేరు తెలియని కన్సల్టెన్సీ. ఆరు నెలలాగు, ఇన్‌హౌస్ చేస్తాం అంటారు. ఏ ఆరు నెలలో చెప్పరు. చివరికి ఒక రోజు చేస్తారు. ముందు కన్సల్టెన్సీకి రాజీనామా రాయాలి. రాస్తే పాత సర్వీసు గాలికి. కొత్త ఆఫర్ లెటర్‌లో మళ్లీ ఆరు నెలల ప్రొబేషన్. నాలుగేళ్లుగా కొత్తవాళ్లకు పని నేర్పినవాడికి ప్రొబేషన్! ఏం పరీక్షిస్తారు, ఓపికనా? గ్రాట్యుటీ అడిగితే నిన్నే కదా చేరావ్ అంటారు. చేరినరోజు ఇచ్చేది మాత్రం వెల్‌కమ్ కిట్. ఒక మగ్గు, ఒక టీషర్టు, మనమంతా ఒకే కుటుంబం అని ఒక మెయిలు.

ఈ విద్య మన సొంతం కూడా కాదు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ చేసిందే. ఏళ్లకేళ్లు పనిచేసేవాళ్లను తాత్కాలికమంటూ వేరే రంగు బ్యాడ్జీ తగిలించింది. అక్కడి పన్నుల శాఖ వీళ్లు మీ ఉద్యోగులేనయ్యా అని తేల్చితే, చాలామందిని ఏజెన్సీల పేరోల్ మీదికి తోసింది. కోర్టుకెక్కారు. 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 2024 డిసెంబరులో మన సుప్రీంకోర్టు జగ్గో కేసులో ఈ మైక్రోసాఫ్ట్ కేసునే ఉదహరించింది. ఆ కేసు ఎవరిదో తెలుసా? కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చిన స్త్రీలది, మొక్కలకు నీళ్లు పోసిన ఒకాయనది. దొడ్డిదారి నియామకాలను ఆపడానికి 2006లో ఉమాదేవి కేసులో ఇచ్చిన తీర్పును చూపించి, ఏళ్లుగా నిజంగా పనిచేసినవాళ్లను గెంటుతున్నారని కోర్టు చీవాట్లు పెట్టింది. వాళ్లను రెగ్యులర్ చేయమంది. తీర్పు వచ్చాక మన ఆఫీసులు ఏం చేశాయి? చదివాయి. మా కేసు వేరు అన్నాయి.

ఇక మన సంగతి. అవును, మనదే. రాత్రి కరెంటు పోయిన అయిదో నిమిషానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో మన తిట్ల దండకం మొదలవుతుంది. వీళ్లకు జీతాలెందుకిస్తారు అంటాం. ఎవరికి ఎంతిస్తారో మనకు తెలియదు. మీటరు చూసి బిల్లు కొట్టే కుర్రాడికి నెల జీతమే లేదని, తీసిన బిల్లుకు ఇంతని ఇస్తారని తెలుసా? మన అపార్టుమెంటు గేటు దగ్గరి మనిషిని సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నాం. పీఎఫ్ కడుతున్నారా అని అసోసియేషన్ మీటింగులో ఎవరైనా అడిగారా? దీపావళికి స్వీట్ బాక్స్ ఇచ్చాం కదా, చాలదూ!

కాబట్టి అయ్యా, పెద్ద పెద్ద విలీనాలు, వరాలు, సంతకాల పండగలు ప్రస్తుతానికి వద్దు. ఒక చిన్న పని చేయండి. ఆఫీసు గోడ మీద నాలుగు వరుసలు రాయించండి. ఇక్కడ పనిచేసేవాళ్లలో రెగ్యులర్ ఎంతమంది, ఆర్టిజన్లు ఎంతమంది, ఏజెన్సీ వాళ్లు ఎంతమంది. ఏజెన్సీకి కమీషన్‌గా, జీఎస్టీగా నెలకు ఎంత పోతోంది. స్తంభం మీద ప్రమాదం జరిగితే ఇంటివాళ్లకు ఎవరికి ఎంత ఇస్తారు. కన్వర్షన్ ఏ తేదీన. బడ్జెట్ లేదంటారా? సున్నం, బ్రష్షు మా కాలనీ వాళ్లమే తెస్తాం. రాసేవాణ్ని మాత్రం ఏజెన్సీ నుంచి పిలవకండి.