కల్లు డిపోలో మనోవైద్యం

మానసిక వైద్యం పల్లెలకు అందడం లేదని ఎవరన్నారు? నిజామాబాద్ జిల్లాకు రండి. చీటీ రాయించుకోనక్కర్లేదు, వరుసలో నిలబడనక్కర్లేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి నవ్వే చుట్టాలూ ఉండరు. డిపోకు పోయి సీసా అందుకుంటే చాలు. పట్నం డాక్టరు ఆందోళన తగ్గడానికి ఆచితూచి రాసే అల్ప్రాజోలం, ఒకప్పుడు నిద్ర కోసం వాడిన క్లోరల్ హైడ్రేట్ కల్తీ కల్లులో కలిసే వస్తాయి. చెట్టుతో పెద్దగా పనిలేని కల్లు అది. మోతాదు ఎంతంటారా? కలిపేవాడి చేతివాటం ఎంతైతే అంత.

ఈ పోటీని తట్టుకోవడానికి పార్లమెంటు కూడా ఓ ప్రయత్నం చేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్: సర్కారు నడిపే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. జిల్లాలో చట్టం చెప్పిన కనీస సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు సర్కారే భరించాలి. ఆ బిల్లు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లే మొనగాణ్ని చూడాలని నాకెంతో కోరిక. ఆ దరఖాస్తు ఏ శాఖకు రాయాలో తేల్చేసరికి ఇంకో సోమవారం వస్తుంది.

2015 సెప్టెంబరు సంగతి చూడండి. ఆబ్కారీ శాఖ ఒక్కసారిగా కల్తీ కల్లు మీద విరుచుకుపడింది. మంచిదే. ఏళ్ల తరబడి రోజూ ఒంట్లోకి పోయిన మత్తుమందు రాత్రికి రాత్రి ఆగిపోతే ఏమవుతుందో మాత్రం ఫైళ్లలో ఎవరూ రాసుకున్నట్టు లేదు. ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో, వణికే చేతులతో జనం నిజామాబాద్ సర్కారు దవాఖానకు బారులు తీరారు. ప్రాణాలూ పోయాయి. జిల్లాకు మనోవైద్యం ఎంత అవసరమో ఆ వారం బయటపడింది. తర్వాత మళ్లీ సీసాలొచ్చాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ సీసా దాకా నెట్టే రందులకూ కొదవ లేదు. అదే ఏడాది డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్‌కు లే ఆఫ్ ప్రకటించారు. నిజాం కాలంలో మొదలై, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన ఫ్యాక్టరీ. అది ఎన్నికలప్పుడల్లా హామీల్లో తెరుచుకుంటుంది, ఓట్ల లెక్కింపు కాగానే మూతపడుతుంది. మధ్యలో జీతం పోయిన కార్మికుడి రంది, చెరుకు వదిలి వరికి మళ్లిన రైతు రంది ఎవరు వినాలి? బాకీ వసూలుకు వచ్చినవాడు కొంత వింటాడు. ఇక ఇంట్లో కౌన్సెలింగ్ సిద్ధంగా ఉంటుంది: "మొగోడివి, గింత దానికే రంది పెట్టుకుంటవారా? ఓ సీస తాగి పండుకో, అన్నీ సర్దుకుంటయ్." ఫీజు లేదు. డాక్టరూ ఆ సీసాలోనే ఉన్నాడు.

కల్తీ కల్లును వెనకేసుకు రావడం లేదు. దాన్ని పట్టుకోవాల్సిందే. అయితే ఆబ్కారీ జీపు వెనకే మానసిక వైద్యుడి బండి కూడా ఆ ఊరికి రావాలి, దవాఖానలో మంచాలు, మందులు ముందే సిద్ధం కావాలి. ఇది దయాధర్మం కాదు, 18వ సెక్షన్ కింద బాకీ. కలెక్టరు గారూ, వచ్చే దాడికి ముందు ఆ ఏర్పాటు చూడండి. రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఉన్నపళంగా మానేయకుండా సర్కారు దవాఖానలో డాక్టరుకు చెప్పి మానండి. రంది ఎవరితో చెప్పుకోవాలో తోచనివాళ్లు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్. రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు.