యాప్ మాస్టారు

మండలానికి ఒక్కరైనా ఉంటారు. మీ ఊరి బడిలో కనిపించలేదంటే శిక్షణ తరగతులకి వెళ్లారని అర్థం. ఎర్ర సిరా పెన్ను ఉండాల్సిన జేబులో పవర్ బ్యాంకు, భుజాన సంచీలో మూడు రకాల చార్జింగ్ వైర్లు, చిన్న స్పీకరు, అట్టడుగున ఎప్పుడో కొన్న సుద్దముక్కల పెట్టె. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు తోటి మాస్టర్లంతా సిగ్నల్ కోసం ప్రహరీగోడ వెంట పరుగులు తీశారు. ఈయన మాత్రం, ఏ మూల నిలబడితే ఎన్ని గీతలు వస్తాయో ముందే కనిపెట్టి, అక్కడ ముగ్గుతో గుండ్రంగా గీత గీసి పెట్టారు.

గుణింతం చెప్పే రోజు ఆయన క్లాసు చూడాలి. పాతకాలం మాస్టారైతే బోర్డు మీద ‘క’ రాసి, బెత్తం ఆనించి, అనండర్రా అంటాడు. ఈయన ముందు పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ వెతుకుతారు. పాఠాలు చూపించే దీక్ష యాప్ తెరుస్తారు. అది అప్‌డేట్ అడుగుతుంది.

“సార్, ‘కీ’ తర్వాత ఏమొస్తుంది సార్?”

“ముందు ఓటీపీ రావాలమ్మా, ఆగు.”

ఈ ఆగడంలోనే పిల్లలకు అసలు చదువు వచ్చింది. మూడో తరగతిలో బొత్తిగా చదవలేని వాడు కూడా తెర మీద ‘మళ్ళీ ప్రయత్నించండి’ అని పడగానే గడగడా చదివేస్తాడు. ఆ రెండు మాటల్లో ద్విత్వం ఉంది, రెండు సంయుక్తాలున్నాయి, సున్నాలున్నాయి. వాచకం రాసే పెద్దలు ఏడాది కూర్చున్నా ఇంతకంటే మంచి వాక్యం దొరకదు. పైగా రోజూ పునశ్చరణ.

బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద పెద్ద టచ్ తెర వచ్చినప్పుడు ఆయన దానికి కొబ్బరికాయ కొట్టారు. అక్షరం దిద్దమని మొదటి పిల్లాణ్ణి పిలిచారు. వాడు వేలితో ‘ఱ’ రాశాడు, తప్పుపోయింది, పలక అలవాటు కొద్దీ అరచేతిలో ఉమ్మాడు. “ఒరేయ్, ఒరేయ్, ఆగరా!” అని ఆయన వేసిన కేక పక్క వీధి రచ్చబండ దాకా వినిపించింది. అప్పటి నుంచి ఆ తెరకు గుడ్డ కప్పి ఉంటుంది. తనిఖీ రోజున గుడ్డ తీస్తారు.

రాత విషయంలో ఆయన మరీ ముందున్నారు. ‘మా బడి’ మీద వ్యాసం ఇచ్చి, ఫోనుతో చెప్పమన్నారు. పిల్లలు చెప్పారు, ఫోను రాసింది. ఒక్క అచ్చుతప్పు లేదు. ‘మా సారు ఎప్పుడూ ఫోనులోనే ఉంటారు’ అన్న వాక్యంతో సహా అది అధికారుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. పై నుంచి నాలుగు బొటనవేళ్లు వచ్చాయి. ఎవరూ చదవలేదన్నమాట.

ఒకనాడు ఒక పిల్లాడి తల్లి వచ్చి అడిగింది: “మావోడు పేరు రాస్తన్నాడా సారూ?”

“రాయడమెందుకమ్మా, పలికితే చాలు, అదే పడుతుంది.”

“మరి బ్యాంకులో సంతకం కూడా పలకమంటారా?”

ఆయన ఆ ప్రశ్నను శిక్షణలో అడిగి చెబుతానన్నారు.

అలాగని ఆయన్ని తీసిపారేయలేం. 2019లో ‘బోలో’ పేరుతో వచ్చిన గూగుల్ చదువు యాప్‌నీ ఆయన పిల్లల చేతికిచ్చారు; అది తర్వాత తెలుగు కూడా నేర్చుకుంది. అందులో దియా అనే బొమ్మ, పిల్లలు చదివేది వింటుంది, తప్పు చదివితే పట్టుకుంటుంది, బాగా చదివితే చుక్కలిస్తుంది. ఒకసారి దించుకున్నాక నెట్ కూడా అక్కర్లేదు. గది నిండా పిల్లలున్నప్పుడు ఒక్కొక్కరి పక్కన కూర్చుని, విసుక్కోకుండా వినే తీరిక ఏ మాస్టారికుంది? నలుగురిలో నోరు విప్పని పిల్ల మూలన కూర్చుని దియాకి కథ చదివి వినిపిస్తుంది. ఇది నేను వెటకారంగా అనడం లేదు.

ఇంకోటి. ‘స్త్రీ’ రాయలేక నానా తంటాలు పడే పిల్లలకు ఆయన కీబోర్డు ఇచ్చి టైపు చేయమన్నారు. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఒక్కో నొక్కుకీ ఒత్తు కిందికి దిగి అతుక్కోవడం పిల్లలు కళ్లారా చూశారు. బోర్డు మీద ఎన్నిసార్లు దిద్దించినా ఎక్కని సంగతి అక్కడ ఎక్కింది. ఎలా ఎక్కిందో ఆయనకి మాత్రం తెలీదు. ఆ పూట ఆయన పిల్లల మార్కులు యాప్‌లో ఎక్కిస్తూ ఉన్నారు.

కరెంటు పోయిన రోజే ఆయన అందరికంటే మంచి పంతులు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో ఉచితంగా తెరిచిన స్టోరీవీవర్ నుంచి తెలుగు కథలు ఎప్పుడో ముద్రించి బీరువాలో పెట్టారు. అవి తీసి, చెట్టు కింద కూర్చోబెట్టి, పులికి పులి గొంతు, మేకకి మేక గొంతు పెట్టి చదువుతారు. తర్వాత పిల్లల చేత చదివిస్తారు. కరెంటొచ్చిందని అటెండరు చెప్పినా లేవరు.

మీ పిల్లల బడిలో ఇలాంటి మాస్టారు ఉంటే బదిలీ కాకుండా చూసుకోండి. వారానికో పూట మాత్రం ఆయన చార్జరు దాచేయండి.