ఏదీ, వేలు చూపించండి

షుగరు 300 ఉన్న రోజుల్లో ఇంట్లో నా కోపానికో గౌరవం ఉండేది. అన్నం మెత్తబడిందని కసిరితే అవతలివాళ్లు కాసేపు మొహం మాడ్చుకునేవాళ్లు. గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతోందని అరిస్తే, ఆపినా ఆపకపోయినా, "ఆపుతాంలెండి" అని మాటవరసకైనా అనేవాళ్లు. గ్లిమెపిరైడ్ అనే బిళ్ళ మొదలుపెట్టాక ఆ మర్యాద పోయింది. ఇప్పుడు నేను గొంతు పెంచితే మా ఆవిడ జవాబివ్వదు. ఫ్రిజ్ మీంచి గ్లూకోమీటరు తీసుకొస్తుంది.

"ఏదీ, వేలు చూపించండి."

బిళ్ళ రాసిన రోజున డాక్టరుగారు నాకు కాదు, ఆవిడకి చెప్పారు జాగ్రత్తలన్నీ. షుగర్ డౌన్ అయితే చెమట్లు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడ, ఆకలి, కళ్లు బైర్లు కమ్మడం. అక్కడితో ఆగితే నా బతుకు బావుండేది. "చిరాకు, ఊరికే కోపం, పొంతన లేని మాటలు కూడా ఉండొచ్చమ్మా" అన్నారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అవి పెళ్లైన దగ్గర్నుంచీ ఉన్నాయండీ" అంది.

అంతకుముందు నేను మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాణ్ణి. అది పెద్దమనిషి. కాలేయం విడుదల చేసే గ్లూకోజును కాస్త అదుపు చేసి తన దారిన తాను పోతుంది. ఒంటరిగా వాడితే షుగర్ని మరీ కిందకి పడేయడం అరుదు. గ్లిమెపిరైడ్ తీరు వేరు. చిట్టీ వసూలుకొచ్చిన మనిషిలా నేరుగా క్లోమం గుమ్మంలో కూర్చుంటుంది. ఇన్సులిన్ తియ్యమంటుంది. మనం తిన్నామా, పస్తున్నామా అన్నది దానికి అనవసరం.

దీని వంశచరిత్ర చదివాక నాకు ఆశ్చర్యం పోయింది. 1942లో ఫ్రాన్సులోని మాంపెల్లియర్‌లో మార్సెల్ జాన్‌బన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకి ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశాడు. టైఫాయిడ్ సంగతి అలా ఉంచితే, కొందరికి షుగర్ పడిపోయింది. ఆ మందు క్లోమం మీద పనిచేస్తోందని ఆగస్ట్ లుబాతియేర్ అనే ఆయన తర్వాత తేల్చాడు. ఆ కుటుంబంలోదే మన గ్లిమెపిరైడ్. అంటే మనుషుల్ని కళ్లు తిరిగి పడేలా చేయడం వీళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. షుగరు జబ్బుకి మందుగా ఉద్యోగం తర్వాత దొరికింది.

మొదటి వారాల్లో ఒక తమాషా జరిగింది. సాయంత్రం అయ్యేసరికి చెమటలు, నీరసం, లోకమంతా నా మీద కుట్ర పన్నుతోందన్న అనుమానం. "డౌన్ అయిపోయింది, ఆ పూతరేకులిటు తే" అన్నాను. ఆవిడ వేలు గుచ్చి చూస్తే 126. పూతరేకు నోటిదాకా వచ్చి మళ్లీ డబ్బాలోకి వెళ్లిపోయింది. డాక్టరుగారిని అడిగితే, చాలాకాలం 300 దగ్గర బతికిన ఒళ్లు 126 చూసి కరువొచ్చిందనుకుంటుందట. కొన్నాళ్లకి సర్దుకుంటుంది, దానికి మిఠాయి పెట్టక్కర్లేదు అన్నారు. అసలు డౌన్ అంటే 70 లోపు. 54 లోపైతే మాటలు కట్టిపెట్టి వెంటనే పని చూడాలి. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు.

నిజంగా పడిపోయినప్పుడు కథ తిరగబడుతుంది. 126 దగ్గర పూతరేకు అడిగిన మనిషే 58 దగ్గర "నాకేం, రాయిలా ఉన్నాను" అంటాడు. మెదడు బరువు ఒంట్లో రెండు శాతం, తినేది మాత్రం ఇరవై శాతం. అంత తిండిపోతుకి గ్లూకోజు అందకపోతే ముందు మూతపడేది బుద్ధి ఉన్న దుకాణమే. ఆ పూట నేను, పెరట్లో బావి ఎవరిని అడిగి పూడ్పించారని ఆవిణ్ణి నిలదీశానట. మేముండేది మూడో అంతస్తు.

పైగా నాకు బీపీకి అటెనొలాల్ ఉంది. అది వణుకునీ దడనీ కప్పెట్టేస్తుంది, చెమటని మాత్రం దాచలేదు. కానీ రాజమండ్రిలో మే నెలలో చెమట పట్టిందంటే ఏ కోర్టూ సాక్ష్యంగా తీసుకోదు. ఇక మిగిలిన సాక్షి నా కోపమే. ఆవిడ దాన్నే నమ్ముకుంది.

వైద్యం వినడానికి సులువు: పదిహేను గ్రాముల గ్లూకోజు, పదిహేను నిమిషాలు ఆగడం, మళ్లీ చూడటం, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అదే. దాటితే ఏదైనా కడుపుకి తినడం. ఆ పదిహేను నిమిషాల్లో ఆకలి ఎంత పెద్దదంటే, డైనింగ్ టేబుల్ కూడా తినదగినదిగానే కనిపిస్తుంది. ఇంత కష్టంలో ఒక్క ఓదార్పు ఉండాలి కదా, మైసూరుపాకు తిందామంటే పనికిరాదట. అందులో నెయ్యి చక్కెరని త్వరగా రక్తంలోకి పోనివ్వదు. పోనీ నీళ్లలో మూడు చెంచాల పంచదార? చాలామందికి చాలు. నా బిళ్ళలో వోగ్లిబోస్ కూడా కలిసుంది. అది పేగుల్లో పంచదార విడిపోవడాన్నే నెమ్మది చేస్తుంది కాబట్టి నాకు గ్లూకోజు పొడే కావాలి. షుగరు రోగిని తీపి తినమని చెప్పే ఏకైక సందర్భంలో, తినడానికి మిఠాయి లేదు. కాలేజీ ఆటగాళ్లు నీళ్లలో కలుపుకునే ఆ తెల్లపొడే నా పండగ.

భోజనానికి ముందు వేసుకోవాల్సిన బిళ్ళకీ మన పెళ్లిళ్లకీ పొసగదు. "వడ్డిస్తున్నారండీ, రండి" అని పెళ్లివారు అన్నారని బిళ్ళ మింగితే అంతే సంగతులు. ఆ మాటకి అర్థం వంటవాళ్లు గాడిపొయ్యి వెలిగించారని. తీరా వెళ్తే బంతి నిండిపోయి ఉంటుంది. పెరుగన్నంలోకి వచ్చిన మనిషిని చూసుకుని అతని కుర్చీ వెనక నిలబడాలి. అతను సరిగ్గా అప్పుడే ఇంకో గరిటె సాంబారు అడుగుతాడు. అలాంటి చోట నాకు చెమట పట్టడం చూసి మా బావమరిది తాపేశ్వరం కాజా చేతిలో పెట్టాడు. మా ఆవిడ గ్లూకోజు పొడి తాగించి, పరీక్షకి ముందు నా చెయ్యి సబ్బుతో కడిగించింది. పాకం అంటిన వేలితో చూస్తే మీటరు లేని షుగరు చూపిస్తుంది మరి. ఇప్పుడు విస్తట్లో అన్నం పడ్డాకే బిళ్ళ జేబులోంచి బయటికొస్తుంది. కార్తీక సోమవారం ఉపవాసాల సంగతి డాక్టరుగారి దగ్గర ఎత్తాను. ఆయన దేవుడితో తను మాట్లాడతానన్నారు.

ఇంట్లో మాత్రం చట్టం స్థిరపడిపోయింది. 70 లోపు ఏమన్నా మాఫీ. 100 పైన అన్నవన్నీ నా ఖాతాలోనే, వాటికి సంజాయిషీ ఇవ్వాలి. మధ్యలో ఉన్నవి ఆవిడ దయ.

మొన్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో మెయింటెనెన్సు పెంచుతామన్నారు. లిఫ్టు ఖర్చని సెక్రటరీగారు అన్నారు, ఆ లిఫ్టు నెలలో సగం రోజులు నిలబడే ఉంటుంది కదా అని నేను అన్నాను. ఆయన బల్ల గుద్దారు. నేనూ గుద్దాను. ఆడవాళ్ల వరసలోంచి మా ఆవిడ మీటరు పట్టుకుని లేచింది. అందరి ముందూ నా వేలు గుచ్చితే 132. నా కోపం సక్రమమేనని సభ ఒప్పుకుంది. ఈలోపు ఆవిడ సెక్రటరీగారి నుదుటి మీద చెమట చూసి, సూది మార్చి, "అన్నయ్యగారూ, మీదీ ఓసారి చూపించండి" అంది. ఆయనది 63. గ్లూకోజు కలిపిచ్చి, మీటింగు పదిహేను నిమిషాలు వాయిదా వేశాం. తిరిగి మొదలయ్యేసరికి ఆయన 94కి వచ్చారు, నా చెయ్యి పట్టుకుని క్షమించమన్నారు. మెయింటెనెన్సు మాత్రం పెంచిన చోటే ఉంది.